జావా పల్లెలో నాలుగు రాత్రులు

మా మేనల్లుడు జకార్తాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏడేళ్లుగా "ఒకసారి రా మావయ్యా" అని పిలుస్తూనే వున్నాడు. ఇక వెళ్లకపోతే బాగుండదేమో అనిపించే దశకు వచ్చేసరికి, 2025 జూలైలో నేనూ మా ఆవిడా సామాను సర్దుకుని బయలుదేరాం. అక్కడికి చేరిన మూడోనాడు అసలు సంగతి బయటపడింది. మధ్య జావాలో ఒక పల్లెలో వాడొక మడిచెక్క చూసి పెట్టుకున్నాడు. దాన్ని కొని, నాలుగు గదుల బంగళా కట్టి, ఊరు చూడవచ్చేవాళ్లకు రోజుల లెక్కన అద్దెకిద్దామని వాడి ఆలోచన.

"పెద్దవాళ్లు ఒకసారి చూసి చెబితే ధైర్యంగా వుంటుంది. అత్తయ్యకు పొలాల సంగతి బాగా తెలుసు గదా" అన్నాడు.

నాకు తెలుసని వాడు అనలేదు. అనడు కూడా. నేను ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. వరికీ ఊదకీ తేడా ఇప్పటికీ అడిగి తెలుసుకుంటాను. మా ఆవిడది పశ్చిమ గోదావరి జిల్లాలో ఆచంట పక్క పల్లెటూరు, వాళ్ల నాన్నగారు ఊళ్లో పేరున్న రైతు. అందుచేత ఈ ప్రయాణంలో నేను చూసినదానికన్న ఆవిడ చూసిందే ఎక్కువ. ఇక్కడ రాసేదానిలో సగం ఆవిడదే అనుకోండి.

జకార్తా నుంచి యోగ్యకర్తకు విమానంలో గంటపైన ప్రయాణం. ఆ పేరులో మన అయోధ్య వున్నదంటారు. అక్కడివాళ్లు మాత్రం ముద్దుగా 'జోగ్జా' అనేస్తారు. కొత్త విమానాశ్రయం సముద్రపు ఒడ్డున వున్నది. 2020 నుంచి పూర్తిగా పనిచేస్తున్నది. పూర్వం ఆ ఇసుకనేలల్లో మిరప, పుచ్చ పండించేవారు. భూములు ఇవ్వబోమని కొన్ని కుటుంబాలు ఏళ్ల తరబడి భీష్మించుకు కూర్చున్నాయి. చివరికి విమానాలే దిగాయి. అక్కడినుంచి కారులో మెనోరే కొండల పక్కగా ఉత్తరానికి బయలుదేరాం.

జావా ఎంత కిక్కిరిసిన ద్వీపమో రోడ్డుమీదికి వస్తేనే తెలుస్తుంది. మన ఆంధ్రప్రదేశ్ వైశాల్యం 1,60,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, జనం సుమారు 5 కోట్లు. జావా 1,30,000 చదరపు కిలోమీటర్లకు లోపే, జనమేమో 15 కోట్లు దాటారు! ఊరు ఎక్కడ అయిపోయిందో, పక్క ఊరు ఎక్కడ మొదలైందో తెలియదు. అయినా ఇళ్ల వెనక అడుగు పెడితే చాలు, పచ్చగా మళ్లు. ఒక మడిలో నాట్లు, పక్క మడిలో పొట్టకంకి, ఆ పక్కన కోత. అన్నీ ఒకేరోజు, ఒకే చూపులో. "ఇదేం ఊరమ్మా, ఒక కట్టుబాటు లేదూ!" అంది మా ఆవిడ. కాలువకు ఒకేసారి నీళ్లు వదిలి, ఒకేసారి కట్టేసే డెల్టాలో పుట్టినావిడకు అది వింతే మరి. నిప్పుకొండల బూడిదతో నల్లబడిన నేల, కొండలనుంచి ఏడాది పొడుగునా దిగే నీళ్లు. నీళ్లున్నవాడు తనకు తోచినప్పుడు నాటుకుంటాడు.

మేము దిగిన పల్లె బొరొబుదూర్ తాలూకాలో వున్నది. ఆ తాలూకాలో 20 గ్రామాలున్నాయి, వాటిలో ఇది ఒకటి. పేరు చెప్పను. మాకు అన్నంపెట్టిన ఇంటివాళ్ల సంసారం సంగతులు కొన్ని ఇందులో రాస్తున్నాను, వాళ్ల అనుమతి నేను అడగలేదు.

బొరొబుదూర్ గురించి పాఠకులు వినే వుంటారు గనక క్లుప్తంగా చెప్పి ఊరుకుంటాను. తొమ్మిదో శతాబ్దపు బౌద్ధస్తూపం. కొండలాంటి రాతికట్టడం మీద 504 బుద్ధవిగ్రహాలు, 2,672 శిల్పఫలకాలు. ఫలకాల మీద ఓడలున్నాయి, రాజులున్నారు, ఎడ్లు కట్టి దున్నే రైతూ వున్నాడు. 1975 నుంచి 1982 దాకా యునెస్కో సాయంతో రాయి రాయి విప్పి మళ్లీ పేర్చారు. ఆ తరువాత చుట్టూ ఉద్యానవనం వేయడానికి అక్కడి వాడల్లో వున్న వందలాది కుటుంబాలను లేపి దూరంగా పంపారు. ఇప్పుడు ప్రభుత్వం దీన్ని దేశంలోని ముఖ్య విహారస్థలాల్లో ఒకటిగా ఎంచి డబ్బు పోస్తున్నది. గుడి చుట్టూ వున్న పల్లెల్లో భూమికి రెక్కలు రావడానికి అదే కారణం.

మాకు విడిది ఇచ్చినాయనకు అరవై అయిదేళ్లుంటాయి. అక్కడ పెద్దమనిషిని 'పాక్' అనీ, పెద్దావిడను 'ఇబూ' అనీ పిలవాలి. ఇబూ అంటే అమ్మ. మొదటిరోజు రాత్రి భాష నేర్చుకునే సరదా పుట్టింది మా ఆవిడకు. వాళ్లు వాడే మాటల్లో మనవి ఎన్నో! ఊరు 'దేస', నేల 'బూమి', ఊరిపెద్ద 'కెపాల', అంటే కపాలమే. రంజాను ఉపవాసం 'పూఆసా'. ముస్లిముల ఊరు, వేకువన మసీదు పిలుపుతోనే లేస్తారు. అయినా ఆడపిల్లలకు శ్రీ, దేవి అని పేర్లు, తోలుబొమ్మలాటలో భీముడు, అర్జునుడు. ధరను 'హర్గా' అంటారు, అది మన 'అర్ఘమ'ట. ఇక భర్తను ఏమంటారని అడిగితే 'సుఆమి' అంది ఇబూ. స్వామి! "చూశావా, ఇదీ మర్యాద" అన్నాను. "భార్యను 'ఇస్త్రి' అంటారుట. అది మన స్త్రీయేగాని, మీ చొక్కాలు చూస్తే మీకు తోచేది వేరు" అంది మా ఆవిడ. నేను మళ్లీ భాష జోలికి పోలేదు.

వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే జావా భాష మా మేనల్లుడికి కూడా రాదు. అందులో మర్యాదకు మెట్లున్నాయి. మనం 'నువ్వు, మీరు'తో సరిపెట్టుకుంటాం. వాళ్లు మాటలే మార్చేస్తారు. తోటివాడు తింటే 'మంగన్', పెద్దలు తింటే 'దహర్'. సంతకు కూడా వాళ్ల లెక్క వేరు. ఏడురోజుల వారంతోపాటు అయిదురోజుల వారం ఒకటి వున్నది: లెగి, పహింగ్, పోన్, వగె, క్లివోన్. ఏ ఊళ్లో సంత ఎప్పుడో ఈ అయిదింటిని బట్టే. రెండు వారాలూ కలిసి మళ్లీ మొదటికి రావడానికి 35 రోజులు పడుతుందని నేను లెక్కగట్టి చెబితే, పాక్ చాలా సంతోషించి మా ఆవిడ పుట్టిన వారం ఏ రోజుతో కలిసిందో ఫోనులో చూసి చెప్పాడు. లెక్క నాది, ఫలితం ఆవిడకు.

భోజనాలు. అరటాకులో చుట్టి పులియబెట్టిన సోయాగింజల అచ్చు 'టెంపే' మాకు మొదట వాసన పట్టలేదుగాని, నూనెలో కరకరలాడేట్టు వేయించి, రోట్లో నూరిన మిరపకాయల సంబల్‌తో పెడితే మూడోపూటనుంచి అడిగి వేయించుకున్నాం. ఆ గింజలు చాలావరకు అమెరికానుంచి వస్తాయని పాక్ చెప్పాడు. ఊరి వంటకే, గింజ మాత్రం ఊరిది కాదు. ఇక యోగ్యకర్త ప్రాంతపు ఘనమైన వంటకం 'గుడెగ్'. లేత పనసకాయను కొబ్బరిపాలు, కొబ్బరిబెల్లం వేసి గంటల తరబడి ఉడికిస్తారు. ముద్ద నోట్లో పెట్టుకుని మా ఆవిడ నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. పనసపొట్టుకు ఆవ పెట్టే జిల్లాలో పుట్టినావిడ! "పనసకాయలో బెల్లమా?" అని తెలుగులో మెల్లిగా అంది. ఇబూ దాన్ని మెచ్చుకోలు అనుకుని మరో గరిటె వడ్డించింది.

ఆ బెల్లం తీయడం చూడదగ్గది. ఉదయం, సాయంత్రం కొబ్బరిచెట్టెక్కి, పూలగెల చివర చెక్కి, కారే నీరాను వెదురుగొట్టాల్లో పట్టి దింపుతారు. పెద్ద మూకుట్లో కాచి, చిక్కబడ్డాక కొబ్బరిచిప్పల్లో పోస్తారు. చిప్ప తీస్తే అచ్చు. యాత్రికులకు ఇది చూపించినందుకు కొద్దిగా రుసుము వున్నది. చెట్టెక్కే కుర్రాళ్లు దొరకడం లేదని ఆ ఇంటామె చెప్పింది. మన గీతకార్మికుల ఇళ్లల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది.

ఊరికి వచ్చే అతిథులను సహకారసంఘం వంతులవారీగా ఇళ్లకు పంపుతుంది. ఒక్కరికే లాభం పోకుండా ఆ ఏర్పాటు. మా ఇద్దరికీ గదీ, మూడుపూటల భోజనమూ కలిపి రాత్రికి 3 లక్షల రుపియాలు. బెంబేలు పడకండి. మేము వెళ్లినప్పుడు మన రూపాయికి రమారమి 190 రుపియాలు. అంటే పదహారు వందలకు లోపు.

ఇక్కడ నా వృత్తి నన్ను ఊరుకోనివ్వలేదు. పాక్‌కు వున్న పొలం 3,000 చదరపు మీటర్లు, మన లెక్కలో 74 సెంట్లు. జావాలో ఇది దరిద్రం కాదు. అర హెక్టారు కూడా లేని రైతులే అక్కడ ఎక్కువ. దిగుబడి హెక్టారుకు సుమారు 5 టన్నులు వేసుకుంటే అతనికి పంటకు టన్నున్నర. 2025లో ప్రభుత్వం పచ్చి ధాన్యానికి కిలోకు 6,500 రుపియాల ధర కట్టింది. మొత్తం 97 లక్షల 50 వేల రుపియాలు. మన డబ్బులో యాభై ఒక్క వేలు. అంటే ముప్ఫై రెండున్నర రాత్రులు గది నిండితే ఒక పంట రాబడి! విత్తనం లేదు, ఎరువు లేదు, ఎలుక లేదు. ఈ లెక్క నేను కాగితం మీద వేస్తుంటే మా మేనల్లుడు భుజం మీదుగా తొంగిచూసి "అదే మావయ్యా నేను చెప్పేది" అన్నాడు.

మర్నాడు పొలానికి వెళ్లాం. అక్కడ మరో ఇంట దిగిన యాత్రికులు ఆరుగురు నాట్లు వేస్తున్నారు. అదీ ఒక వినోదమే, డబ్బిచ్చి బురదలో దిగడం. ఫొటోలు తీసుకున్నారు, నవ్వుకున్నారు, అరగంటకు కాళ్లు కడుక్కుని కొబ్బరిబొండాలు తాగడానికి వెళ్లిపోయారు. వాళ్లు అటు తిరగ్గానే ఇద్దరు ఆడవాళ్లు మడిలో దిగి, వాళ్లు వేసిన నాటు పీకి మళ్లీ వేయడం మొదలుపెట్టారు. నవ్వూ లేదు, విసుగూ లేదు. అదీ పనిలో భాగమే అన్నట్టు చేసుకుపోతున్నారు.

మా ఆవిడ చీర ఎగదోపి దిగింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి! నేను వారించబోయాను, వినలేదు. చిన్నప్పుడు కూలీలతోపాటు చేలోకి దిగి తాతగారిచేత తిట్లు తిన్నానని నాకు పెళ్లైన కొత్తలోనే చెప్పింది, కాని ఇన్నేళ్లలో నేను చూసింది అప్పుడే. ఎడమచేతిలో నారుకట్ట, కుడిచేత్తో రెండేసి మూడేసి మొక్కలు విడదీసి గుచ్చుతూ వెనక్కి వెనక్కి నడుస్తున్నది. జావావాళ్లు నాటడాన్ని 'తందూర్' అంటారు. వెనక్కి నడుస్తూ వేసేది గనక ఆ పేరు వచ్చిందని వాళ్ల వ్యుత్పత్తి. ఆ ఇద్దరు ఆడవాళ్లూ ఆగి చూశారు. తరువాత ఒకామె పక్కకు జరిగి చోటిచ్చింది. మాటల్లేవు. ముగ్గురూ వరస అయ్యేదాకా వేశారు. వాళ్లు ఆవిడ వేసిన నాటు పీకలేదు, అది మాత్రం నేను గట్టుమీద నిలబడి ప్రత్యేకంగా గమనించాను.

సాయంత్రం ఇబూ వాళ్ల అత్తగారు, ఎనభై దాటిన ముసలమ్మ, పెట్టెలోంచి ఒక చిన్న కత్తి తెచ్చి చూపించింది. దాని పేరు 'అని-అని'. అరచేతిలో ఇమిడిపోతుంది. దానితో ఒక్కొక్క కంకినే కోసేవారట. కొడవలి చూస్తే వరితల్లి దేవి శ్రీ బెదిరిపోతుందని, కత్తి చేతిలో కనపడకుండా పట్టుకునేవారట. కోతంటే ఊళ్లో ఆడవాళ్లందరికీ పండగ. ఎవరైనా రావచ్చు, కోసినదానిలో వంతు తీసుకుపోవచ్చు. ఆ వంతు పేరు 'బవోన్'. ఎందరు వచ్చినా రావద్దనడం మర్యాద కాదు. జావా పొలం ఇలా మరింతమంది చేతుల్ని ఇముడ్చుకుంటూ, వున్నదాన్ని సన్నంగా పంచుకుంటూ బతికిందని క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే అమెరికన్ పండితుడు 1963లో ఒక పుస్తకమే రాశాడు. తరువాతివాళ్లు ఆయనతో చాలా వాదించారు. ఆ పంపకం ఆయన అన్నంత సమంగా ఏనాడూ లేదన్నారు. ముసలమ్మను అడిగితే "నా వంతు ఎప్పుడూ చిన్నదే" అని నవ్వింది.

పొట్టిరకం వరి వచ్చాక ఆ కత్తి పెట్టెలోకి వెళ్లిపోయింది. పొట్టి మొక్కకు కొడవలే తేలిక. రైతు చేను చేనుగానే వ్యాపారికి అమ్మేస్తాడు, అతడు తన కోతవాళ్లను తెచ్చుకుంటాడు. కోతకు వచ్చి వంతు పట్టుకుపోయే పేద ఆడవాళ్లకు దారి మూసుకుపోయింది.

"ఏ రకం?" అని అడిగింది మా ఆవిడ.

"పే-బే 8" అంది ముసలమ్మ. పేటా బారూ, అంటే కొత్త పేటా. మేనల్లుడు ఫోనులో వెతికి చెప్పాడు, అది మన ఐ.ఆర్.8!

ఇక మా ఆవిడను పట్టలేకపోయాం. ఎందుకంటారా? బెంగాలు వరి లాతిసైల్‌ను చీనారకంతో కలిపి జావాలో పుట్టించిన రకం పేటా. దాన్ని తైవాను పొట్టిరకంతో కలిపి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు 1966లో విడుదల చేసింది ఐ.ఆర్.8. మరుసటి ఏడు, 1967లో దాన్ని మనదేశంలో పెద్దఎత్తున పండించి చూపించిన రైతు నెక్కంటి సుబ్బారావుగారు. ఏ ఊరు? ఆచంట! అప్పుడు మా ఆవిడకు పదేళ్లు. వాళ్ల నాన్నగారు ఆ విత్తనం తెచ్చి వేస్తే, గడ్డి పొట్టిగా వుందని పాలేర్లూ, అన్నం ముతకగా వుందని అమ్మమ్మా సణిగారట. గాదె నిండేసరికి ఇద్దరూ ఊరుకున్నారట. ఇదంతా మేనల్లుడు అనువాదం చేసేదాకా ముసలమ్మ ఓపికగా విన్నది. "మాకూ ముతకగానే వుండేది" అని, మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నది.

అన్నట్టు మరొక బాకీ కూడా వున్నది మనం వాళ్లకు. ఇండోనేసియా 1984లో బియ్యానికి స్వయంపోషకం అయింది. ఏడాది రెండేళ్లు తిరక్కుండానే సుడిదోమ చేలను మాడ్చేసింది. మందు కొట్టినకొద్దీ దోమను తినే సాలెపురుగులు చచ్చి, దోమ మిగిలింది. 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించారు. 1989 నుంచి రైతులను చేలగట్ల మీదే కూర్చోబెట్టి పురుగుల లెక్క నేర్పే బళ్లు పెట్టారు. మన వ్యవసాయశాఖవారి 'పొలంబడి'కి మూలం అదే. పాక్ అందులో చదివాడు. ఏ పురుగు మిత్రుడో, ఏది శత్రువో ఇప్పటికీ పేర్లతో చెబుతాడు.

ఇక అసలు పనికి వస్తాను.

మూడోనాడు పొద్దున్నే భూమి మధ్యవర్తి వచ్చాడు. బతిక్ చొక్కా, చక్కని ఇంగ్లీషు, చేతిలో పలక. ఆకాశంనుంచి తీసిన బొమ్మలు చూపించాడు. పచ్చటి మెట్లమళ్లు, వెనక మెరాపి నిప్పుకొండ, మంచులో బొరొబుదూర్ శిఖరం. బొమ్మలో మళ్ల మధ్య ఒక నీలపు ఈతకొలను కూడా వున్నది. అది ఇంకా లేదు, ఊహాచిత్రం. అతడు చెప్పిన ధరకు పాక్ నలభై ఏళ్లు వరి పండించినా సరితూగదు.

చెక్క చూడటానికి వెళ్లాం. వెళ్తూ దారిలో ఒక పెరడు చూశాను. నేలమీద చెక్కిన రాతిదిమ్మలు నాలుగు, చతురంగా, మధ్యలో కోళ్లు. అవి 'జోగ్లో' ఇంటి నడిమి స్తంభాల కింది దిమ్మలు. ఆ టేకు స్తంభాలూ, దూలాలూ విప్పించి, ఎవరో విలాసగృహం కట్టుకునేవాళ్లు కొనుక్కుపోయారు. ఇంటివాళ్లు ఆ డబ్బుతో పక్కనే సిమెంటు ఇల్లు వేసుకున్నారు. కురవదు, చెద పట్టదు, బాగుందన్నారు. వాళ్లది తప్పని నేననలేను. మా పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసినప్పుడు నేనే దగ్గరుండి దూలాలు అమ్మాను.

చెక్క దగ్గరికి చేరాక మా ఆవిడ కొండనూ చూడలేదు, గుడినీ చూడలేదు. వంగి బోదె చూసింది. "ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?" అంది. మధ్యవర్తికి తెలియదు. పాక్ చెప్పాడు, తల వంచుకుని. పై ఆనకట్టనుంచి వచ్చే బోదె ఈ చెక్కలోంచి దిగి ముందు తన మడికి, తరువాత కింద అయిదు మళ్లకు పోతుంది. అప్పుడు మరో సంగతి బయటపడింది. ఆ చెక్క పాక్ సొంత తమ్ముడిది. తండ్రి పంచి ఇచ్చిన రెండు ముక్కల్లో పైది. తమ్ముడు జకార్తా పక్క కర్మాగారంలో పనిచేస్తూ అక్కడే ఇల్లు కొనుక్కోవాలని చూస్తున్నాడు. అన్న దగ్గర కొనేంత డబ్బు లేదు.

ఈ సంగతి మా మేనల్లుడికి అంతవరకు తెలియదు. వాడి మొహం చూస్తే నాకు జాలి వేసింది.

మర్నాడు పట్నంలో ఒక నోటరీ దగ్గరికి వెళ్లాం. ఆవిడ పావుగంటలో పాఠం చెప్పినట్టు చెప్పింది. సంపూర్ణ యాజమాన్యాన్ని అక్కడ 'హక్ మిలిక్' అంటారు, మన హక్కే. 1960 నాటి భూమి మూలచట్టం ప్రకారం అది ఇండోనేసియా పౌరుడికే. విదేశీయుడికి వాడుకునే హక్కు దొరకవచ్చు. 30 ఏళ్లు, పొడిగిస్తే 20, మళ్లీ తిరగరాస్తే 30. కంపెనీ పెడితే కట్టడపు హక్కు వస్తుందిగాని, అదీ గడువుతోనే, పైగా చూపవలసిన పెట్టుబడి వెయ్యికోట్ల రుపియాలు దాటాలి. మన డబ్బులో అయిదు కోట్ల పైమాట. స్థానికుడి పేరుమీద రాయించి లోపాయికారీగా ఒప్పందం చేసుకుందామన్న మధ్యవర్తి సలహా సంగతి చెప్పగానే ఆవిడ చట్టం పుస్తకం తీసి 26వ అధికరణం మీద వేలు పెట్టింది. అటువంటి అమ్మకం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి వీల్లేదు. అన్నిటికన్నా ముందు అది పంటమడి. 2009లో ఆహారపంటల భూముల రక్షణకు చట్టం చేశారు. రక్షిత మళ్ల పటంలో ఆ చెక్కకు రంగు పడివుంటే గోడ కూడా కట్టకూడదు. పోనీ ఇండోనేసియావాడే కొనాలన్నా, పంటభూమి కొనేవాడు ఆ తాలూకాలోనే కాపురం వుండాలని 1961 నాటి నిబంధన ఒకటి వున్నది.

"మరి ఇన్ని బంగళాలు ఎలా లేచాయండీ?" అని అడిగాను.

ఆవిడ నవ్వి, పుస్తకం మూసి, టీ తెప్పించింది.

ఆ రాత్రి వసారాలో కూర్చున్నాం. పాక్ ఒక కథ చెప్పాడు. కథ కాదు, పత్రికల్లో వచ్చిందే. తూర్పు జావాలో, తుబాన్ జిల్లా సుముర్‌గెనెంగ్ అనే ఊళ్లో చమురు శుద్ధి కర్మాగారానికి పొలాలు అమ్మి, 2021 ఫిబ్రవరి నాటికి ఊరివాళ్లు 176 కార్లు కొన్నారు. కొత్తకార్లు లారీల మీద వరసకట్టి ఊళ్లోకి దిగుతుంటే దేశమంతా చూసింది. అందులో చాలామందికి కారు నడపడం రాదు. ఏడాది తిరక్కుండా, 2022 జనవరిలో ఆ ఊరివాళ్లే కొందరు ఉద్యోగాలు ఇప్పించమని ఊరేగింపు తీశారు. తిండికోసం పశువులు అమ్ముకుంటున్నామని ఒకరిద్దరు పత్రికలవాళ్లతో చెప్పుకున్నారు. "అందరూ చెడిపోలేదు. కొందరు మరోచోట పొలం కొన్నారు, కొందరు హాజీలైనారు" అని కూడా పాక్ చెప్పాడు. ఆయన ఏ మాటకూ ఒకవైపే చెప్పే మనిషి కాదు.

అంతా అయ్యాక మా మేనల్లుడివైపు తిరిగి మెల్లిగా అన్నాడు: "నా తమ్ముడికి డబ్బు కావాలి. మీరు కొనకపోతే ఇంకొకరు కొంటారు. మీరైతే నాకు తెలిసినవాళ్లు. బోదె మాత్రం వుంచండి."

వాడు ఏమీ చెప్పలేకపోయాడు. మా ఆవిడ చెప్పింది, తెలుగులోనే, వాడికోసం. వాళ్ల నాన్నగారి పొలం పక్కచేలవాళ్లు రొయ్యలచెరువులు తవ్వించారు. ఉప్పునీరు ఊరి వరి పసుపుబారింది. రెండేళ్లు చూసి అన్నదమ్ములు తమ పొలమూ చెరువులకు లీజుకిచ్చేశారు. లీజు డబ్బులో తన వంతు తనకు ఏటా వస్తున్నది, ఆ డబ్బుతోనే ఈ విమానం టిక్కెట్లు కొన్నాం. "అది కూడా అనువాదం చెయ్యి" అంది. వాడు చేశాడు.

అర్ధరాత్రి దాటాక కర్రగంట మోగింది. పాక్ లాంతరు, పార తీసుకుని లేచాడు. ఎండకాలం, నీళ్లకు వంతులు. వంతులు చూసే ఉద్యోగిని అక్కడ 'ఉలు-ఉలు' అంటారు, మన తెలంగాణా నీరటిలాగ, డెల్టా లస్కరులాగ. గ్రామోద్యోగులకు జీతానికి బదులు అనుభవించుకోవడానికి పొలం ఇస్తారు. మన కరణం మునసబుల ఇనాములు మనవాళ్లు ఎప్పుడో మరిచిపోయారుగాని, అక్కడ 'బెంగ్‌కోక్' పేరుతో అది ఇంకా నడుస్తున్నది. నీటిసంఘాల పేరు 'ధర్మ తీర్థ'. ఎంత మంచి పేరు! మా మేనల్లుడు కూడా చెప్పులు విడిచి పాక్ వెంట వెళ్లాడు. తెల్లవారి వచ్చాడు, మోకాళ్లదాకా బురద. మధ్యవర్తి ఫోను రెండుసార్లు మోగింది. వాడు తీయలేదు. కాఫీ తాగి పడుకున్నాడు.

మేము ఊరు విడిచేటప్పుడు ఇబూ నాలుగు బెల్లం అచ్చులు అరటాకులో కట్టి ఇచ్చింది. ముసలమ్మ తన అని-అని ఇవ్వబోతే, విమానంలో కత్తులు ఎక్కనివ్వరని చెప్పి తప్పించుకోవలసి వచ్చింది.

నవంబరులో మేనల్లుడు ఫోనుకు ఒక బొమ్మ పంపాడు. ఆ చెక్కను రాజధాని మనిషి ఎవరో కొన్నాడట. కాగితాల మీద మాత్రం ఆ ఊరి చిరునామాయే వుందట. బొమ్మలో చుట్టూ బూడిదరంగు ఇటుకగోడ, లోపల ఇసుకగుట్ట. గోడ అడుగునుంచి ఒక గొట్టం బయటికి వచ్చి, పాక్ మడిలోకి నీళ్లు వదులుతున్నది. కొన్నవాడు బోదె పూడ్చి గొట్టం వేయించాడని, అడగగానే వేయించాడు గనక పాక్ ఆయన్ను మంచివాడే అంటున్నాడని కింద రాశాడు.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూసింది.

"గొట్టం ఎంత లావో కనుక్కోండి" అంది.

అడిగాను. నాలుగంగుళాలని జవాబు వచ్చింది.

"ఆరు మళ్లకు చాలదు" అంది.